చచ్చిపోయిన గుళికలు

కిందటి వారం ఏసుబాబుని షెడ్డు గేటు దాటించి వదిలేశాం. పాపం, ఎదురు మాటన్నా అనలేదు మనిషి. జేబులోంచి తాళంచెవి తీసి కెజియా అరచేతిలో పెట్టి, కవిటి రోడ్డెక్కి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. చూస్తున్న ఆడవాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారు. ఈ వారమే కొత్తగా పేజీ తిప్పినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, మీకు తెలిసిందే.

కెజియా పలాస పిల్ల. జీడిపిక్కలు కొట్టే మిరియం కూతురు. విశాఖపట్నంలో రసాయనశాస్త్రం చదివింది. హైదరాబాదులో పెద్ద ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి పనిచేసి, ఒకనాడు ఉన్నట్టుండి మూటాముల్లె సర్దుకుని వచ్చేసింది. కవిటి పొలిమేరలో మన్మథరావుగారి కొబ్బరితోటలో, ఆయన పెట్టుబడితోనే షెడ్డు వేయించి, జీడితొక్కల్లోంచి కారే నల్లనూనెని రంగుల కంపెనీలకి పనికొచ్చే చిక్కటి జిగురుగా మార్చే పని పెట్టింది. పిక్కలు ఒలవడానికి తల్లితో పాటు చుట్టుపక్కల ఆడవాళ్ళని పెట్టుకుంది. నూనెని జిగురు చెయ్యడానికి అందరూ గంధకామ్లం పోస్తారు. పనయ్యాక ఆ ఆమ్లం కడిగిన నీళ్ళు ఎక్కడో ఒకచోటికి పోవాలి కదా! కవిటి చుట్టూ ఉన్న ఉద్దానంలో నీళ్ళ పేరెత్తితేనే జనానికి దడ. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదమిత్థంగా తేల్చినవాళ్ళు లేరు గానీ, డయాలసిస్‌కి వెళ్ళే మనిషి లేని వీధి కూడా లేదు. మన్మథరావుగారి భార్య నీలవేణమ్మే వారం వారం వెళ్తుంది. షెడ్డు పక్కనున్న నుయ్యి ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ ఆధారం.

అందుకని కెజియా ఆమ్లం బదులు గుళికలు తెచ్చింది. సగ్గుబియ్యమంత తెల్లని గుళికలు. వాటి మీద నయోబియం అనే లోహపు ఆక్సైడుని కంటికి ఆననంత సన్నటి నానో రేణువులుగా చేసి పూత పూశారు. గుళిక నూనెలో కరగదు, నీళ్ళలో కరగదు. పనయ్యాక జల్లెడ పట్టి, స్పిరిట్‌తో కడిగి, కొలిమిలో కాల్చి మళ్ళీ వాడుకోవచ్చు. నూతిలోకి దిగేది ఏమీ ఉండదు.

మొదటి వాయి బ్రహ్మాండంగా వచ్చింది. రెండోది పలచబడింది. మూడోది ఎంత మరిగించినా నూనె నూనెలాగే ఉండిపోయింది. "గుళికలు ఎవడికో అమ్మీసి, సున్నం ఉండలు పెట్టీసినాడు" అన్నాడు మన్మథరావు. గుళికలు కడిగి దాచేది ఏసుబాబే, ఆ గది తాళం అతని దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు మరి. సోమవారం సాయంత్రానికల్లా తేలకపోతే ఆమ్లం డ్రమ్ముల లారీ తోటలోకి వస్తుందని కూడా అన్నాడు. ఆ కంగారులో కెజియా, ఏసుబాబు తన మేనత్త కొడుకనీ, పుట్టిన దగ్గర్నుంచీ తను "బావా" అని పిలిచే మనిషనీ మరిచిపోయి, అందరి ముందూ చెయ్యి చాపి తాళం అడిగింది. అదీ సంగతి. ఇప్పుడు సోమవారం వచ్చింది.

*

పొద్దున్నే గుళికల గది తాళం తల్లి చేతికిచ్చి, మూడో వాయిలోంచి తీసిన గుళికలు పిడికెడు పొట్లం కట్టుకుని, పోలికకి కొత్త సంచిలోవి నాలుగు విడిగా తీసుకుని కెజియా టెక్కలి వెళ్ళింది. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే కీర్తి ఆమెకి యూనివర్సిటీ నాటి స్నేహితురాలు. కీర్తి ఆ గుళికల్ని యంత్రంలో పెట్టి, తెర మీద లేచిన గీతల్ని వేలుపెట్టి చదువుకుంటూ పోయింది.

"నయోబియం ఎంతుండాలో అంతా ఉందే తల్లీ! సున్నమన్నవాడెవడు? సున్నపు ఉండలైతే కాల్షియం గీత పైకప్పుకి తగలాలి. ఇవి నీ గుళికలే."

కెజియా ప్రాణం ఒక్కసారి లేచొచ్చింది. ఆ వెంటనే తల కొట్టేసినట్టయింది. ఏసుబాబు ఏమీ తియ్యలేదు. గదిలో ఉండాల్సినవి గదిలోనే ఉన్నాయి. మరి తను అందరి ముందూ తాళం ఎందుకు లాక్కున్నట్టు?

"మరి పనెందుకు చెయ్యడం లేదే?" అంది.

కీర్తి గాజు పళ్ళెంలో రెండు గుళికలు పెట్టింది. ఒకటి కొత్త సంచిలోది, ఒకటి పొట్లంలోది. రెండింటి మీదా ఒక్కో చుక్క పసుపురంగు ద్రవం వేసింది. పులుపు తగిలితే ఎర్రబడే మందు అది. కొత్త గుళిక మీద చుక్క మందారం రంగుకి తిరిగింది. పాతదాని మీద పసుపుపచ్చగానే ఉండిపోయింది. ఎంతసేపు చూసినా అంతే.

నయోబియం పూతలోని గొప్పంతా ఆ పులుపులోనే ఉంది. చాలా ఘనపదార్థాల్లోని ఆమ్లగుణం నీళ్ళు తగిలితే చప్పబడిపోతుంది. ఇది మాత్రం తడిలో కూడా పనిచేస్తుంది. రేణువు ఎంత చిన్నదైతే నూనెకి తగిలే ఒళ్ళు అంత ఎక్కువ. పసుపుకొమ్ము కూరలో పడేస్తే ఏముంది? దంచి వేస్తేనే కదా కూరంతా పడుతుంది! నానో అంటే ఇంకెంతో మెత్తగా దంచడమే అనుకోండి. అలాంటి పూత ఉండీ, పులుపు లేదంటే గుళిక చచ్చిపోయినట్టే.

"ఇదిగో, ఇది చూడు" అంది కీర్తి, తెర మీద ఇంకో గీత చూపిస్తూ. "పొటాషియం. కొత్తదాంట్లో బొత్తిగా లేదు. దీంట్లో పట్టనంత ఉంది. ఎక్కడో క్షారం తగిలిందే దీనికి. తగిలాక నువ్వు కొలిమిలో కాల్చావు కదా, అది పూతలోకి దిగిపోయి కూర్చుంది."

"ఆమ్లంలో వేసినా దీనికేం కాదు" అంది కెజియా నీరసంగా. "క్షారానికే లొంగుతుంది. కానీ మా షెడ్డులో క్షారమెక్కడిదే?"

"అది నువ్వే చూసుకోవాలి."

*

టెక్కలిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది కెజియా. మొదట నూతినీళ్ళని అనుమానించింది. ఆ నీళ్ళు తనే పరీక్ష చేయించింది, వాటిలో ఇంత పొటాషియం ఉండదు. తర్వాత కొబ్బరిచెట్లకి వేసే పొటాష్ ఎరువు గుర్తొచ్చింది. ఆ బస్తాలుండేది తోటకి అటు చివర పాకలో. గాలికి ఎగిరొచ్చి పడిందనుకుందామన్నా, తాళం వేసిన గదిలోకెలా వస్తుంది?

బస్సు పలాస దగ్గరపడేసరికి కిటికీలోంచి జీడిపిక్కలు వేగుతున్న వాసన వచ్చింది. అంతే, ఆలోచనలన్నీ చెదిరిపోయాయి.

ఆ వాసనుంది చూశారూ, పలాసలో పుట్టినవాళ్ళని ఎక్కడున్నా లాక్కొచ్చేస్తుంది. హైదరాబాదులో ఎవరో పెళ్ళి విందులో జీడిపప్పు వేయిస్తుంటే, పట్టుచీర కట్టుకుని వంటవాళ్ళ దగ్గరికెళ్ళి నిలబడిపోయిన మనిషి కెజియా. చిన్నప్పుడు పిక్కలు కాల్చే బట్టీ షెడ్లో ఆ వాసనలోనే ఆమె అక్షరాలు దిద్దుకుంది. తల్లి వరసలో కూర్చుని పిక్క కొడుతూంటే, పక్కన గోనెపట్టా మీద కెజియా, ఆ పక్కన ఏసుబాబు. ఇద్దరూ ఒక్క పలక మీద రాసుకునేవారు. యజమాని అటు తిరగ్గానే ఏసుబాబు ముక్కలైన పప్పు నోట్లో వేసుకుని, సగం ఆమె నోట్లో పెట్టేవాడు. ఒకసారి తొందరపడి పచ్చిపిక్కని పళ్ళతో కొరికేశాడు. తొక్కలోని రసం తగిలి పెదాలు బుడగలెత్తి, వారం రోజులు పాస్టరమ్మగారు బడిలో పాట పాడమంటే నోరు విప్పలేకపోయాడు. కెజియా ఎంత నవ్విందో! నవ్వి నవ్వి, ఇంటికెళ్ళి వాడికోసం ఏడ్చింది కూడా. ఆ నవ్వూ ఆ ఏడుపూ ఇప్పుడు ఒక్కసారే గుర్తొచ్చాయి. అలాంటివాణ్ణా తను దొంగని చేసింది?

ఎలాంటి రోజులు అవి! సాయంత్రం బట్టీ వదిలేసరికి ఆడవాళ్ళంతా బారుగా కాశీబుగ్గ వైపు నడిచేవాళ్ళు. చీకటి పడకుండా ఇల్లు చేరాలని తొందర, ఆ తొందరలోనే మాటలు, మాటల మధ్య ఒకళ్ళ మీద ఒకళ్ళు వేళాకోళాలు. తల్లి చెయ్యి పట్టుకుంటే గరుగ్గా ఉండేది, వేళ్ళ చివర్లు నల్లగా బిరుసెక్కి ఉండేవి. అయినా ఆ చెయ్యే కావాలి కెజియాకి. పక్కింటి సరోజిని పిన్ని మెత్తటి చెయ్యి ఇచ్చినా పట్టుకునేది కాదు.

తమ్ముడూ చెల్లీ లేని పిల్ల కాబట్టి అడిగిందానికల్లా తల్లి జవాబు చెప్పేది. చెప్పలేనిది ఒక్కటే. "మరి నా సెయ్యి మండితే నూనె రాత్తావు, నువ్వు పని సేసీటప్పుడు..." అని కెజియా ఏదో అడిగేది. తల్లి ఏదో చూపించేది. ఏమిటది? బస్సు కుదుపుకి ఆ జ్ఞాపకం జారిపోయింది. పలాసలో దిగి కవిటి వైపు వెళ్ళే ఆటో పట్టుకుంది.

*

షెడ్డు దగ్గర మధ్యాహ్నం భోజనాలవుతున్నాయి. ఆడవాళ్ళు కొబ్బరిచెట్ల నీడన గుండ్రంగా కూర్చుని క్యారేజీలు విప్పుకుంటున్నారు. కెజియాని చూడగానే మాటలాగిపోయాయి. శుక్రవారం నుంచీ అంతే, ఆమె వస్తే మాటలాగిపోతున్నాయి. వాళ్ళని పలకరించడానికి మొహం చెల్లక, తల దించుకుని గుళికల గది వెనక్కి నడిచింది.

అక్కడ నుయ్యి చుట్టూ కట్టిన నూతిపళ్ళెం మీద మిరియం గొంతుక్కూర్చుని ఉంది. సన్నటి గొంతుతో ఆదివారంనాటి కీర్తన పాడుకుంటోంది. ముందు జల్లెడ. జల్లెడలో మూడో వాయి గుళికలు. పక్కన పాత పాలడబ్బా. మిరియం డబ్బాలో రెండు చేతులూ ముంచి తీసింది. మోచేతుల దాకా బూడిద. ఆ చేతుల్తో గుళికల్ని పిడికిళ్ళకి తీసుకుని, అంట్లగిన్నె తోమినంత శ్రద్ధగా రుద్దడం మొదలుపెట్టింది.

కెజియా చూపు ఆ డబ్బా దగ్గరే ఆగిపోయింది.

తల్లి చూపించినది అదే. బూడిద! పిక్క కొట్టేముందు ప్రతి ఆడదీ రెండు చేతులూ బూడిదలో ముంచేది. జీడిరసం ఆమ్లం, బూడిద క్షారం. ఒకదాన్నొకటి తినేస్తాయి, చర్మం బతుకుతుంది. "బుగ్గి పూస్తే ఎందుకు మండదే?" అని చిన్న కెజియా అడిగితే, "దేవుడు అలగ పెట్టినాడమ్మా" అనేది తల్లి. ఆ జవాబు చాలకే కెజియా రసాయనశాస్త్రం చదివింది. చదివి, డాక్టరేటు పుచ్చుకుని, ఇంత దూరమొచ్చి ఆ బూడిదనే మరిచిపోయింది! కొబ్బరిమట్టల బూడిదలో ఉండేదంతా పొటాషియమేనని ఆమెకి తెలియక కాదు.

"వొచ్చీసినావేటి?" అంది మిరియం తలెత్తి, మొహం విప్పార్చుకుని. "అన్నం తిన్నావా, నేదా? మొకం సూడు, ఎలగ పీక్కుపోయిందో!"

"అమ్మా, ఏటి సేత్తన్నావు?"

"కనబడ్డం నేదేటి? నీ గుళికలు తోముతున్నాను. మూడోసారి బాగా నల్లబడిపోనాయి."

"ఎన్నాళ్ళ నుంచి తోముతున్నావు?"

"మొదటి వాయి అయిన కాడి నుంచీ. ఆ స్పిరిట్టు వాసనకి ఆడోళ్ళందరికీ తలలు తిరుగుతున్నాయే. పైగా ఎంత కడిగినా జిడ్డు పోదు. బుగ్గికి పోని జిడ్డు నోకంలో ఉందా? రెండు రుద్దులు రుద్ది నూతినీళ్ళతో జాడిత్తే మల్లిమొగ్గల్లాగ వొచ్చీసినాయి." మిరియం నవ్వింది. "ఆయాల నువ్వు ‘ఎంత తెల్లగున్నాయి బావా’ అని ఏసుబాబుని మెచ్చుకున్నావు సూడు, నాను తలుపు సాటున నిలబడి మురిసిపోనాను. పోనీలే, మెప్పు ఆడికే పోనీ అనుకున్నాను."

కెజియా ఆ నూతిపళ్ళెం మీదే తల్లికెదురుగా కూలబడిపోయింది. కోపం రావాలి, రాలేదు. ఆ బూడిద చేతుల్ని చూస్తుంటే ఏడుపొచ్చింది. ఎలా చెప్పాలి ఈ మనిషికి?

"అమ్మా, ఆ గుళికల మీద పులుపుంది. కంటికి కనపడదు. ఆ పులుపే నూనెని సిక్కబరిసేది. బుగ్గి దాన్ని తినీసింది."

మిరియం చేతులు ఆగాయి. "బుగ్గి తినీడమేటి?"

"నీ సేతుల్ని మండకుండా ఎలగ కాపాడిందో, అలగే. జీడిరసంలో పులుపుని సంపినట్టే వీటి పులుపునీ సంపీసింది."

"మరి నువ్వే సెప్పినావు కదే!" మిరియం గొంతు ఒక్కసారి పైకి లేచింది. "మొదటిరోజు అందరినీ కూకోబెట్టి సెప్పినావు. ఇది మా గొప్ప లోహమన్నావు. ఇనుములో పిసరంత ఏత్తే వంతెనలు నిలబడతాయన్నావు. ఆస్పత్రిలో మనిసిని గొట్టంలోకి తోసి ఫొటో తీత్తారే, ఆ అయస్కాంతంలో తీగలు దీంతోనే అన్నావు. సెల్లుఫోన్లోనూ ఉంటాదన్నావు, ఇప్పుడు బేటరీల్లో ఏత్తే సిటికెలో సార్జింగ్ ఎక్కుతాదన్నావు. ఎముకలో పెట్టినా ఒళ్ళు కాదనదన్నావు. నీళ్ళకి కరగదు, ఏసిడ్డుకి కరగదు, దేనికీ సెక్కుసెదరదు అన్నావు! అంత మొండిది నా సేతిలో బుగ్గికి సచ్చిపోద్దని నాకేటి తెలుసు?"

నిజమే, అలా చెప్పింది తనే. ఆమ్లానికి లొంగదని గొప్పలు పోయింది గానీ, క్షారానికి లొంగుతుందని చెప్పడం ఆ రోజు తోచనే లేదు. ఈ ఊళ్ళో, బూడిద లేని పొయ్యి ఉండదని తెలిసిన పిల్ల అయ్యుండీ చెప్పలేదు.

"నీ తప్పు కాదమ్మా" అంది కెజియా.

మిరియం వినిపించుకోలేదు. ఆమె బుర్రలో ఇంకేదో తిరుగుతోంది. కాసేపటికి మెల్లిగా అడిగింది, "అయితే గుళికలు ఎవురూ తియ్యనేదా?"

"నేదు."

"మరి ఏసుబాబుని..."

"తాళం నానే లాక్కున్నాను" అంది కెజియా.

"ఓలమ్మో!" మిరియం గుండెల మీద చెయ్యి వేసుకుంది. జాకెట్టు మీద బూడిద ముద్ర పడింది. "ఆడికి తెలుసే! తాళమిచ్చింది ఆడే కదా. రోజూ అన్నాలకాడ ‘తాళమియ్యిరా ఏసూ, ఒక్క నిమిసం’ అంటే ఇచ్చీవోడు. రెండో వాయి సెడిపోయిన నాడు నా కాడికొచ్చి, ‘అత్తా, ఎందుకైనా మంచిది, ఆ బుగ్గి ఆపీ’ అన్నాడు. ‘నీ మొకం, బుగ్గి ఎవుర్నేటి సేత్తాది’ అని నవ్వీసినాను. ఆ రోజు నువ్వు తాళమడిగినప్పుడు ఆడు నా దిక్కే సూసినాడు. నాకర్థం కానేదు. కోపంగా సూసినాడనుకున్నాను."

కెజియాకీ ఇప్పుడు గుర్తొచ్చింది. తాళం చేతిలో పెడుతూ ఏసుబాబు తనని చూడలేదు. తన భుజం మీదుగా వెనక ఎవరినో చూశాడు. సిగ్గుపడి చూపు తప్పించాడనుకుంది తను. ‘అత్త తప్ప గదిలోకి ఎవరూ రాలేదు’ అని ఒక్క మాట అంటే బయటపడిపోయేవాడు. ఆ ఒక్క మాటా అనకుండా దొంగ అనిపించుకుని వెళ్ళాడు. పెదాలు బుడగలెత్తినా నేను కొరకలేదని బుకాయించిన వెర్రిబాగులవాడు, ఇంత పెద్దయ్యాక కూడా అలాగే ఉన్నాడా!

"పదమ్మా. ఆళ్ళింటికెళ్దాం" అని లేచింది. "ముందు ఇక్కడ అందరికీ సెప్పి, తరవాత ఆళ్ళింటికెళ్దాం."

గేటు దగ్గర జీపు హారను మోగింది.

*

మన్మథరావు జీపు దిగాడు. మూడు రోజులుగా చిటపటలాడుతున్న మనిషి, ఇవాళ మొహం తేటగా ఉంది. పక్క సీట్లోంచి దిగింది ఏసుబాబు. తల వంచుకుని జీపు ముందుచక్రం దగ్గరే నిలబడిపోయాడు. భోజనాలు చేస్తున్న ఆడవాళ్ళు చేతులు కూడా కడుక్కోకుండా లేచొచ్చారు.

"కెజియమ్మా! ఇంక నువ్వు బెంగెట్టుకోకు" అన్నాడు మన్మథరావు దూరం నుంచే. "ఒప్పీసుకున్నాడు. పొద్దున్న ఆడంతట ఆడే మా ఇంటికొచ్చి సెప్పినాడు. గుళికలు బయట అమ్మీసినాడంట, సున్నం ఉండలు కలిపినాడంట. పోలీసులకి ఇవ్వనని నేనే మాటిచ్చినాను, సొంతంగా వొచ్చి సెప్పినాడు కాబట్టి."

"బావా!" అంది కెజియా.

"ఆశపడ్డాను" అన్నాడు ఏసుబాబు, ఇసకలోకి చూస్తూ. "తప్పైపోనాది."

మన్మథరావు చేతులు దులుపుకున్నాడు. "సరుకులో తేడా నేదని తేలిపోయింది, నాకంతే సాలు. లోపం మనిసిలో ఉంటే మనిసిని మారుస్తాం. లారీ సోంపేట దాకా వొచ్చీసింది. డ్రమ్ములు దింపొద్దు, ఎనక్కి తీసుకుపొమ్మని సెప్పి పంపించీసినాను. ఆ ఏసిడ్డు నా తోటలో దించడం నాకు మాత్రం సరదా అనుకున్నావేటి? మీ నీలవేణమ్మ రాత్రంతా ఒకటే నస, ‘ఆ నుయ్యి జోలికెళ్ళకండి’ అని. రేపు ఆ మిగిలిన కొత్త సంచి విప్పు. మనోడింకొకణ్ణి పెట్టుకుందాం. పని మొదలెట్టీ."

చూశారా ఎలా వచ్చి పడిందో! కెజియా దేనికోసం హైదరాబాదు వదిలొచ్చిందో అదంతా చేతిలోకొచ్చేసింది. లారీ వెనక్కి పోయింది. నుయ్యి బతికింది. ఈ ఆడవాళ్ళందరి పని నిలబడింది. రేపట్నుంచి బూడిద డబ్బా ఒక్కటి అవతల పారేస్తే కొత్త గుళికలు హాయిగా పనిచేస్తాయి. ఆమె చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని ఊరుకోవడమే. ఊరుకుంటే ఏసుబాబు ఈ ఊళ్ళో చచ్చేదాకా గుళికల దొంగ. వచ్చే ఆదివారం చర్చిలో వాడి పక్కన బెంచీ ఖాళీగా ఉంటుంది.

నోరు తెరిస్తే? మన్మథరావు సంగతి ఆమెకి తెలుసు. దొంగైతే క్షమిస్తాడు గానీ, సరుకు మీద అనుమానం వస్తే క్షమించడు.

వెనక మిరియం ముందుకి కదిలింది. "బాబూ, ఆడు కాదు..."

"అత్తా! నువ్వూరుకో" అన్నాడు ఏసుబాబు, తలెత్తకుండానే. ఆ గొంతులో బతిమాలడం ఉంది.

"నువ్వు టెక్కలి వెళ్ళి పరీక్ష సేయించినావంట కదా కెజియమ్మా" అన్నాడు మన్మథరావు. "సున్నమేనా?"

కెజియా ఏసుబాబు వైపు చూసింది. అతను ఇప్పుడు తలెత్తాడు. కళ్ళతోనే వద్దన్నాడు. ఎంత ఇష్టం ఉండాలి మనిషికి, అలా నిలబడి అడుక్కోవడానికి! కెజియా మీద కాదు, మిరియం మీద, ఈ షెడ్డు మీద, ఆ నూతి మీద. కెజియాకి అతని కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. ఏడవలేదు. ఆడవాళ్ళందరికీ వినబడేలా గొంతు పెంచింది.

"సున్నం కాదండి. గుళికలు ఒక్కటి కూడా పోలేదు. ఏసుబాబు బావ దొంగ కాదు. నేనే తొందరపడి ఇంతమంది ముందు అవమానం చేశాను, ఇంతమంది ముందే ఒప్పుకుంటున్నాను. ఆ గుళికల్ని చంపింది బూడిద. మా అమ్మ శుభ్రం చెయ్యాలని బూడిదతో తోమింది. తోమకూడదని నేను ఎవరికీ చెప్పలేదు."

ఎవరో "అయ్యో మిరియమ్మా" అన్నారు. మిరియం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఏసుబాబు దగ్గరికి వెళ్ళి, వాడి రెండు చేతులూ పట్టుకుంది.

"ఎంత పని సేసినావే కెజియా" అన్నాడు ఏసుబాబు. ఏడుపు గొంతుతో అన్నాడు.

మన్మథరావు గుంపులో నిలబడ్డ ఆడవాళ్ళ చేతుల వైపు చూశాడు. పిక్కలు ఒలుస్తూ మధ్యలో అన్నానికి లేచొచ్చినవాళ్ళు. కడుక్కున్నవాళ్ళవీ, కడుక్కోనివాళ్ళవీ, ఏ గోరు సందులో చూసినా బూడిదే.

"బుగ్గి" అన్నాడు చివరికి. "చిటికెడు బుగ్గికి సచ్చిపోయే సరుకా ఇది?"

"జాగ్రత్త పడితే చావదండి. రేపట్నుంచి..."

"రేపట్నుంచి ఏటి సేత్తావమ్మా? దొంగని మార్చగలను. ఇంతమంది ఆడోళ్ళ సేతులు నేను మార్చగలనా? తాతముత్తాతల కాడి నుంచీ ఉన్న అలవాటు. నువ్వు ఈ ఊరి పిల్లవి, నువ్వే మర్సిపోనావు."

కెజియా ముందుకొచ్చి ఏదో చెప్పబోయింది. ఆయన వినలేదు. జేబులోంచి ఫోను తీసి, ఆమెకి వీపు తిప్పి నాలుగడుగులు అవతలికి నడిచాడు. అవతల ఎవరో ఎత్తారు.

"ఎక్కడున్నారు? హరిపురం దాటీసినారా?" అన్నాడు మన్మథరావు. "నేదు నేదు, ఆగండక్కడే. డ్రమ్ముల బండి ఇటు తిప్పండి."